షెల్లీ అంటే వెన్నెలేనా? 19వ శతాబ్దపు ఇంగ్లీషు కవుల కోపం గురించి ఒక ప్రశ్న

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం చదువుతున్నాను. 19వ శతాబ్దపు ఇంగ్లీషు కవిత్వంలో సామాజిక, రాజకీయ అసంతృప్తి మీద సెమినార్ పేపర్ రాయాలి. టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే డిగ్రీలో మాకు వర్డ్స్‌వర్త్ అంటే డాఫొడిల్ పూలు, షెల్లీ అంటే పడమటి గాలి, ఆకాశంలో పాడే పిట్ట, అంతే చెప్పారు. ఇంట్లో మా తాతయ్య కృష్ణశాస్త్రి గారిని ఆంధ్ర షెల్లీ అనేవారని చెబుతుంటే విని, షెల్లీ అంటే వెన్నెల, విరహం అని నేనూ స్థిరపడిపోయాను. ఇప్పుడేమో ఆయన రాజుని, మంత్రుల్ని పేరు పెట్టి తిట్టాడని చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంకో సందేహం కూడా ఉంది. ఆ కవితలు అప్పటి జనం నిజంగా చదివారా, లేక మనమే ఇప్పుడు చదువుతున్నామా?

పాతపుస్తకం:

మీ రెండో సందేహమే అసలు పేపర్ అండీ, దాన్ని వదలకండి.

1819 ఆగస్టు 16 నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో దాదాపు 60,000 మంది చేరారు. నేత పనివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, చాలామంది ఉన్న బట్టల్లో మంచివి వేసుకుని వచ్చారు. అంత పెద్ద ఊరికి పార్లమెంటులో సొంత సభ్యుడు లేడు. దానికి తోడు 1815లో తెచ్చిన ధాన్యం చట్టం ఉంది. దేశంలో గోధుమ ధర క్వార్టర్‌కి (అప్పటి ధాన్యం కొలత) 80 షిల్లింగులు దాటేదాకా బయటి గోధుమ అమ్మడానికి వీల్లేదు. భూస్వాములకు లాభం, కూలివాడికి రొట్టె ప్రియం. ఓటు అడగడానికి వచ్చిన ఆ జనం మీదకి గుర్రపు దళాలు కత్తులు దూసి వెళ్లాయి. 15 మందికి పైగా చనిపోయారు, వందల మందికి గాయాలయ్యాయి. నాలుగేళ్ల ముందు జరిగిన వాటర్లూ యుద్ధాన్ని గుర్తుచేస్తూ జనం దీనికి పీటర్లూ అని పేరు పెట్టారు.

షెల్లీ అప్పుడు ఇటలీలో ఉన్నాడు. సెప్టెంబరు మొదట్లో కబురు అందింది, ఆ నెలలోనే 'మాస్క్ ఆఫ్ అనార్కీ' పూర్తిచేసి లండన్‌కి పంపేశాడు. 91 పద్యాలు. ఇందులో భాష చూడండి, ఆయన మిగతా కవిత్వంలా మెలికలు ఉండవు. వీధిలో పాడుకునే బాలడ్ నడకలో రాశాడు, ఎందుకంటే అది పండితులకు కాదు, ఆ మైదానంలో నిలబడ్డ వాళ్లకి. హత్య ఎదురొచ్చింది, దాని మొహానికి మంత్రి కాసల్‌రే ముసుగు ఉంది అంటాడు. చివర్లో జనానికి చెప్పేది మాత్రం కత్తి పట్టమని కాదు. చేతులు కట్టుకుని, కదలకుండా, వాళ్ల కళ్లలోకి చూస్తూ నిలబడండి, మీరు చాలామంది, వాళ్లు కొద్దిమంది అని.

ఇక మీ సందేహానికి జవాబు. అప్పటి జనం ఆ కవిత చదవలేదు. పంపింది 'ఎగ్జామినర్' పత్రిక ఎడిటర్ లీ హంట్‌కి. (పీటర్లూ సభలో ప్రధాన వక్త హెన్రీ హంట్ వేరే మనిషి, పేపర్లో కలిపేయకండి.) లీ హంట్ అంతకుముందే యువరాజు మీద రాసినందుకు రెండేళ్లు జైల్లో గడిపి వచ్చాడు. పీటర్లూ తర్వాత డిసెంబరులో ప్రభుత్వం ఆరు చట్టాలు తెచ్చింది, చవక పత్రికల మీద కూడా నాలుగు పెన్నీల స్టాంపు పన్ను వేసింది. దాంతో లీ హంట్ ఆ కవితని అచ్చు వేయలేదు. 1822లో షెల్లీ సముద్రంలో మునిగి చనిపోయాడు. కవిత అచ్చయింది 1832లో, పార్లమెంటు సంస్కరణ చట్టం వచ్చాక. 'ఇంగ్లండ్ ఇన్ 1819' సానెట్ అయితే 1839 దాకా బయటికి రాలేదు, మేరీ షెల్లీ వేసింది. రాసిన ఏడాది, అచ్చయిన ఏడాది రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, కవిత మారిపోతుంది.

సూదీదారం:

షెల్లీ ఒక్కడితో ఆగకండి. అచ్చయిన వెంటనే జనంలోకి వెళ్లినవీ ఉన్నాయి. థామస్ హుడ్ 'సాంగ్ ఆఫ్ ద షర్ట్' 1843 డిసెంబరులో 'పంచ్' అనే హాస్య పత్రికలో పేరు లేకుండా వచ్చింది. దాని వెనక పేపర్లలో వచ్చిన ఒక కోర్టు వార్త ఉంది. లండన్‌లో పిల్లలున్న ఒక విధవరాలు కుట్టడానికి ఇచ్చిన బట్టల్నే తాకట్టు పెట్టింది, యజమాని కేసు పెట్టాడు. జత పంట్లాములు కుడితే ఆమెకి వచ్చేది ఏడు పెన్నీలు. సూది, దారం కూడా తనవే.

ఈ కవిత నాకు చాలా దగ్గరిది. మా అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది, పీసు లెక్కన డబ్బులు. కుట్టు కాస్త వంకర పోతే ఆ చీర డబ్బు కోసేవాళ్లు. పండగ ముందు రాత్రి రెండింటికి కూడా మిషన్ చప్పుడు వినిపించేది. హుడ్ కవితలో కుట్టు, కుట్టు, కుట్టు అని ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది కదా, క్లాసులో దాన్ని పునరుక్తి అలంకారం అని రాసుకున్నాం. నాకైతే అది అలంకారంలా అనిపించలేదు, ఆ పని చప్పుడే అది. మీరు వేసుకునేది నార బట్ట కాదు, మనుషుల ప్రాణాలు అని ఆమె చేత అనిపిస్తాడు, అక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను.

అది రాసేటప్పటికే హుడ్ ఆరోగ్యం పాడైంది, 1845లో పోయాడు. ఆయన సమాధి మీద చెక్కిన మాట కూడా ఈ పాట పాడినవాడు అనే.

1843 ఆగస్టులోనే వచ్చిన ఎలిజబెత్ బారెట్ కవిత 'క్రై ఆఫ్ ద చిల్డ్రన్' కూడా చూడండి. గనుల్లో, మిల్లుల్లో పిల్లల పని మీద ప్రభుత్వం వేసిన కమిషన్ రిపోర్టు చదివి రాసింది. ఆ విచారణలో పనిచేసిన ఆర్. హెచ్. హార్న్ ఆమె స్నేహితుడు.

మగ్గంగుంట:

పై ఇద్దరూ చెప్పింది నిజమే కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. షెల్లీ బారోనెట్ అనే వంశపారంపర్య బిరుదు ఉన్నవాడి కొడుకు. బారెట్ కుటుంబం డబ్బు జమైకా చెరకు తోటల్లో బానిసల చాకిరీ నుంచి వచ్చింది. వీళ్లు జాలిపడి రాసింది మాత్రమే పెడితే, కష్టపడ్డవాళ్లకి నోరు లేనట్టు అవుతుంది. నోరు ఉంది, చాలా గట్టిగా ఉంది.

ఓటు హక్కు కోసం ఉద్యమం చేసిన చార్టిస్టుల దగ్గరికి వెళ్లండి. 1838లో పీపుల్స్ చార్టర్ వచ్చింది. 21 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య బ్యాలెట్, సభ్యులకు జీతం, ఇలా ఆరు డిమాండ్లు. 1842 పిటిషన్ మీద 33 లక్షలకు పైగా సంతకాలున్నాయి, అయినా పార్లమెంటు తోసిపుచ్చింది. వాళ్ల పత్రిక 'నార్దర్న్ స్టార్' 1837లో లీడ్స్‌లో మొదలైంది. అందులో కవితలకి చోటు ఉండేది, నేతవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు రాసి పంపేవాళ్లు, సారా కొట్లలో, పని చోట్ల ఒకరు పైకి చదివితే పదిమంది వినేవాళ్లు. థామస్ కూపర్ చెప్పులు కుట్టే పని నేర్చుకుంటూ సొంతంగా చదువుకున్నవాడు. 1842 సమ్మెల తర్వాత రాజద్రోహం కేసులో స్టాఫర్డ్ జైల్లో పెడితే, అక్కడ కూర్చుని పెద్ద కావ్యం రాశాడు, 1845లో అచ్చయింది. అది చదవడం కష్టం, ముందే చెబుతున్నాను. ఎర్నెస్ట్ జోన్స్ 'సాంగ్ ఆఫ్ ద లో' మాత్రం ఒక్క గుక్కలో చదివేయవచ్చు. పన్ను వేసే హక్కుకి మేం తక్కువవాళ్లం, కట్టడానికి మాత్రం కాదు అంటాడు. ఆయన లాయరు, కూలివాడు కాదు, కానీ ఆ ఉద్యమం కోసం రెండేళ్లు జైలుకి వెళ్లాడు.

పాతపుస్తకం:

మగ్గంగుంట గారూ, మీ అభ్యంతరంలో సగం ఒప్పుకుంటాను. కానీ షెల్లీని వాళ్ల నుంచి విడదీయలేం. ఆయన 'క్వీన్ మాబ్' అనే పెద్ద కవితని 1813లో కొద్ది కాపీలే సొంతంగా వేసుకున్నాడు. 1821 నుంచి అనుమతి లేకుండా చవకగా అచ్చేసి అమ్మారు, అలా కూలివాళ్ల చేతుల్లోకి వెళ్లి చార్టిస్టుల బైబిల్ అని పేరు తెచ్చుకుంది. బారెట్ కూడా తమ డబ్బు ఎక్కడిదో తెలిసినదే, పారిపోయిన బానిస స్త్రీ నోట ఒక కవిత రాసి అమెరికాలో బానిసత్వ వ్యతిరేకుల సంచికకి ఇచ్చింది.

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్సండీ. రాత్రి 'ఇంగ్లండ్ ఇన్ 1819' చదివాను, 14 లైన్లే. అందులో ముసలి, పిచ్చి, గుడ్డి రాజు మూడో జార్జి అనీ, రాసిన తర్వాత నెలల్లోనే చనిపోయాడనీ చూసుకున్నాను. రాజు బతికుండగా రాసింది 20 ఏళ్ల తర్వాత గానీ జనానికి అందలేదు! పేపర్ ప్లాన్ మార్చేశాను, షెల్లీ, హుడ్, 'నార్దర్న్ స్టార్' కవులు, మూడు చోట్లా కవిత ఎవరి చేతికి ఎప్పుడు అందింది అనేదే చూస్తాను. బైరన్‌ని కూడా పెట్టమని మా ఫ్రెండ్ అంటోంది, చోటు ఉంటుందా?

మగ్గంగుంట:

పెట్టండమ్మా, ఒక పేజీ చాలు. 1812లో మగ్గాలు విరగ్గొట్టినవాళ్లకి ఉరిశిక్ష వేసే బిల్లు వస్తే ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తన మొదటి ప్రసంగమే దానికి వ్యతిరేకంగా చేశాడు, నాలుగు రోజులకి దాని మీద ఒక వ్యంగ్య కవిత 'మార్నింగ్ క్రానికల్'లో పేరు లేకుండా వేయించాడు. మీ లెక్కలో అది రాసిన వెంటనే అందిన కవిత, షెల్లీకి సరిగ్గా పక్కన పెట్టుకోవచ్చు.