గ్యారేజీలో గోల్ఫ్ సిమ్యులేటర్: 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, మధ్యలో బీమ్. ఏం కొనాలి?

రామ్మూర్తినగర్ (ప్రశ్న)
అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో సొంత ఇల్లు, కింద కారు గ్యారేజీ ఖాళీగా ఉంది. అందులో గోల్ఫ్ సిమ్యులేటర్ (బంతిని తెర మీదికి కొడితే, అది మైదానంలో ఎక్కడ పడేదో యంత్రం లెక్కకట్టి చూపించే ఏర్పాటు) పెట్టాలని ఉంది. వెనక గోడ నుంచి రోలింగ్ షట్టర్ దాకా 20 అడుగులు, వెడల్పు 11. నేల నుంచి స్లాబ్ 9 అడుగుల 9 అంగుళాలు. వెనక గోడకి సరిగ్గా 10 అడుగుల దగ్గర అడ్డంగా ఒక బీమ్ ఉంది, 15 అంగుళాలు కిందికి దిగింది. నేల షట్టర్ వైపు వాలు, మొత్తం మీద 3 అంగుళాలు. నాది కుడిచేతి వాటం, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. మా అబ్బాయికి 13 ఏళ్ళు, ఎడమచేతి వాటం. బంతిని కొలిచే యంత్రంగా గార్మిన్ ఆర్10 తీసుకుందామని దాదాపు నిర్ణయించుకున్నాను. ప్రొజెక్టర్, తెర, వల విషయంలో సలహా కావాలి. క్రికెట్ ప్రాక్టీస్ వల ఒకటి ఇంట్లోనే ఉంది, అది సరిపోతుందా?

మారతహళ్ళి
కొలతలన్నీ ఇచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. చాలామంది యంత్రం ఆర్డర్ పెట్టేసి తర్వాత టేపు తీస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మీకు అసలు చిక్కు బీమ్‌తోనే. దాని కింద 8 అడుగుల 6 అంగుళాలే మిగిలింది, అక్కడ డ్రైవర్ (అన్నిటికన్నా పొడవైన గోల్ఫ్ క్లబ్) తిప్పలేరు. మామూలుగా తెరకి బంతికి మధ్య 10 అడుగులు పెట్టమంటారు. తెర గోడకి అతుక్కోకూడదు కాబట్టి వెనక 16 అంగుళాలు వదలాలి. ఈ లెక్కన బంతి గోడకి 11 అడుగుల 4 అంగుళాల దగ్గర పడుతుంది, అంటే బీమ్‌కి ఒక అడుగు 4 అంగుళాలు ఇవతల. ఫాలోత్రూలో, అంటే బంతిని కొట్టాక ముందుకి లేచేటప్పుడు, క్లబ్ నేరుగా బీమ్‌కే తగులుతుంది.

బంతిని వెనక గోడకి 14 అడుగుల దగ్గర పెట్టండి. అప్పుడు బీమ్ 4 అడుగుల ముందు ఉంటుంది, తెర 12 అడుగుల 8 అంగుళాలు. వెనక షట్టర్ దాకా 6 అడుగులు మిగులుతాయి. బ్యాక్‌స్వింగ్ మొదట్లో డ్రైవర్ నేలకి సమాంతరంగా వెనక్కి సాగినప్పుడు దాదాపు అంతే కావాలి. షట్టర్ చుట్టుకునే డబ్బా ఎంత కిందికి దిగిందో కూడా చూసుకోండి.

కొనేముందు ఒక పరీక్ష. స్లాబ్‌కి, బీమ్ అంచుకి పాత అట్టపెట్టెల ముక్కలు అతికించండి. క్లబ్ తలకి సుద్ద రాసి, ముందు మెల్లగా, తర్వాత పూర్తి వేగంతో బంతి లేకుండా తిప్పండి. డ్రైవర్‌తో ఒకసారి, పొట్టి క్లబ్ అయిన వెడ్జ్‌తో ఒకసారి. అట్ట మీద గీత పడకపోవడం ఒక్కటే చాలదు, ఇంకో 6 అంగుళాలు ఖాళీ ఉండాలి. నెత్తిన కాంక్రీటు ఉందని ఒంటికి తెలిస్తే స్వింగ్ తనంతట తనే కుంచించుకుపోతుంది, తర్వాత మైదానంలో కూడా అదే వస్తుంది. అబ్బాయి ఇంకా పెరుగుతాడు, అది కూడా లెక్కలో వేసుకోండి.

వైట్‌ఫీల్డ్
అయితే ఆర్10 సంగతి చూద్దాం. 2021లో 600 డాలర్ల ధరతో వచ్చిన రాడార్ అది, ఆ ధరకి మంచిదే. కానీ బంతికి 6 నుంచి 8 అడుగుల వెనక కూర్చోవాలి, బంతికి ముందు కనీసం 8 అడుగుల ఎగురుడు కావాలి. ముందు వైపు మీకు ఢోకా లేదు. వెనక ఉన్న 6 అడుగులకీ షట్టరే హద్దు. యంత్రం రేకుకి ఆనుకుంటుంది, లేదా షట్టర్ ఎత్తి గుమ్మంలో పెట్టుకోవాలి. ఎత్తితే తెర మీద వెలుతురు, జూన్ నుంచి అక్టోబరు దాకా జల్లు. పైగా గదిలో బంతి ఎగిరేది కొద్ది దూరమే కాబట్టి రాడార్లకి స్పిన్ (బంతి తన చుట్టూ తాను తిరగడం) విషయంలో అంచనా పాలు ఎక్కువ. ట్యూబ్‌లైట్లు, తిరిగే ఫ్యాన్ రాడార్‌ని గందరగోళం చేస్తాయి. ఎల్‌ఈడీలు పెట్టి ఫ్యాన్ ఆపాల్సిందే.

స్లాబ్‌కి బిగించే యూనీకోర్ లాంటి కెమెరా యంత్రాలు కుడి ఎడమ వాటాలు రెండింటికీ కదపకుండా పనిచేస్తాయి. మీ ఇంట్లో ఇద్దరికీ అదే హాయి. కానీ అవి బంతికి మూడు, నాలుగు అడుగుల ముందు, 9 అడుగులకి పైన బిగించాలి. మీ బీమ్ సరిగ్గా అక్కడే ఉంది. బీమ్ అడుగున బిగిస్తే ఎత్తు చాలదు.

మిగిలింది పక్కన కూర్చునే కెమెరా రకం: స్కైట్రాక్, బుష్‌నెల్ లాంచ్ ప్రో వంటివి. బంతి తగిలిన క్షణంలో ఫొటోలు తీసి లెక్క కడతాయి, వెనక స్థలం అక్కర్లేదు. ఆటగాడికి ఎదురుగా ఉంటుంది కాబట్టి అబ్బాయి వంతు వచ్చినప్పుడు అటు నుంచి ఇటు మార్చాలి. మీ గదికి నా ఓటు దీనికే. ధర ఒక్కటే చూడకండి, కొన్నింటికి ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ లేకపోతే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో కలవవు. ఆ సాఫ్ట్‌వేర్లలో జీఎస్‌ప్రో వాడాలంటే విండోస్ కంప్యూటర్, విడి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఈ6 కనెక్ట్ అయితే ఐప్యాడ్ మీదా నడుస్తుంది.

రామ్మూర్తినగర్
మంచిపని చేశారు, ఆర్డర్ ఇంకా పెట్టలేదు. కుడి, ఎడమ ఇద్దరూ 11 అడుగుల వెడల్పులో ఒకే చోటి నుంచి కొట్టొచ్చా?

మారతహళ్ళి
కుదరదండి. ఇద్దరూ నట్టనడిమి నుంచి కొట్టాలంటే 14, 15 అడుగులు కావాలి. తెర వైపు చూసి నిలబడితే మీరు బంతికి ఎడమ పక్క ఉంటారు. మీ బంతిని ఎడమ గోడకి 6.5 అడుగుల దగ్గర, అబ్బాయిది కుడి గోడకి 6.5 అడుగుల దగ్గర పెట్టండి. రెండు గుర్తుల మధ్య 2 అడుగులు వస్తుంది. ఎవరి గుర్తు నుంచి వాళ్ళు గోడకి సమాంతరంగా గురిపెట్టాలి, బొమ్మ మధ్యకి కాదు. ఈ తేడాని సరిచేసే సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే అక్కడ దిద్దుకోవాలి.

జె.పి. నగర్
వల సంగతి నేను చెప్తాను. క్రికెట్ వల వాడకండి. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు. క్రికెట్ వల కన్ను కూడా ఇంచుమించు అంతే, తాళ్ళు కాస్త సాగితే బంతి దూరిపోతుంది. కన్ను 25 మిల్లీమీటర్లకి మించని, ముడులున్న గట్టి నైలాన్ వల కావాలి. బాల్కనీలకి కట్టే పావురాల వల దెబ్బ తట్టుకోదు. ఫ్లెక్స్ బ్యానర్‌ని తెరగా వాడే ఆలోచన కూడా వద్దు, బంతి ఎదురు తిరుగుతుంది, నాలుగు రోజులకి చిరుగుతుంది. 46 గ్రాముల బంతి సెకనుకి 60, 70 మీటర్ల వేగంతో తగులుతుంది మరి. దట్టంగా నేసిన పాలియెస్టర్ ఇంపాక్ట్ స్క్రీన్ తెప్పించుకోండి, ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

చట్రానికి ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు. ఇక్కడే అందరూ పొరపడతారు. మన పైపు పొడవు 6 మీటర్లు, అంటే 19 అడుగుల 8 అంగుళాలు, 20 కాదు. 10 అడుగుల వెడల్పు అనుకుంటే ఒక పైపులో రెండు ముక్కలు రావు. అందుకని వెడల్పు 9 అడుగుల 9 అంగుళాలు, ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు, లోతు రెండున్నర అడుగులు పెట్టుకోండి. అడ్డపైపులు 3 (ముందు కింద అక్కర్లేదు), నిలువులు 4, లోతువి 4. కోత ఇలా:

మొదటి పైపు: రెండు అడ్డాలు.
రెండోది: ఒక అడ్డం, ఒక నిలువు.
మూడోది: రెండు నిలువులు, ఒక లోతు.
నాలుగోది: ఒక నిలువు, మూడు లోతులు.

నాలుగు పైపులతో తేలిపోతుంది. మూడు దారుల మూలలు 6, మామూలు మూలలు 2 కావాలి. మూడు దారులవి ప్లంబింగ్ షాపుల్లో వెతికి అలిసిపోవడం కంటే వెల్డర్ చేత పెద్ద పైపు ముక్కలతో సాకెట్లు చేయించి బోల్టులు వేసుకోవడం మేలు, రేపు విప్పుకోవచ్చు. కొట్టేవారికి కనిపించే ప్రతి పైపుకీ నురుగు గొట్టం తొడగాలి, ఏసీ పైపులకి వేసే నల్లటిది పలచన, రెండు పొరలు వేయండి. ఉత్త ఇనుముకి తగిలిన బంతి వచ్చిన దారినే మీ మొహానికి వస్తుంది.

తెరని బిగించి లాగితే డోలులా వెనక్కి తంతుంది. సాగే తాళ్ళతో, చేత్తో నొక్కితే కాస్త లోపలికి వెళ్ళేలా కట్టాలి. అడుగు భాగం ఇంకా వదులు. గోడకీ తెరకీ మధ్య మందపాటి కర్టెన్ గుడ్డ ఒకటి గోడ వైపు వేలాడదీస్తే చప్పుడు తగ్గుతుంది. రెండు పక్కలా, పైనా వల. గీతలు పడి గరుకైన బంతులు తెరని ఒరుసుకుని తినేస్తాయి, మార్కర్‌తో పేరు రాసిన బంతి ఆ సిరాని తెర మీద అచ్చు వేస్తుంది.

రామ్మూర్తినగర్
పైపు లెక్క అద్భుతం అన్నా. ప్రొజెక్టర్ ఎక్కడ?

వైట్‌ఫీల్డ్
ఇంతసేపు తిట్టుకున్న బీమే ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రొజెక్టర్‌ని బీమ్‌కి తెర వైపున, స్లాబ్‌కి బిగించండి, లెన్స్ వెనక గోడకి 9 అడుగుల దగ్గర. బీమ్ అడుగుకంటే పైనే ఉండేలా చూస్తే కొట్టిన బంతి నేరుగా తగలదు, క్లబ్ అసలే అందదు. మీరు దాని వెనక ఉంటారు కాబట్టి తెర మీద మీ నీడ కూడా పడదు.

లెన్స్ నుంచి తెరకి 7 అడుగుల 8 అంగుళాలు, అంటే 7.67. బొమ్మ వెడల్పు 9 అడుగులు. దూరాన్ని వెడల్పుతో భాగిస్తే 0.85. దీన్నే త్రో రేషియో అంటారు, కొనేటప్పుడు చూడాల్సిన మొదటి అంకె అదే. ఒక మెలిక: 4:3 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) బొమ్మ అయితే ఎత్తు 6.75 అడుగులు, మీ చట్రానికి బాగా నప్పుతుంది. కానీ 16:10 ప్రొజెక్టర్‌లో 4:3 బొమ్మ వేస్తే పక్కలు ఖాళీగా పోతాయి. దాని పూర్తి వెడల్పు 6.75ని 1.6తో గుణిస్తే 10.8 అడుగులు, కావలసిన రేషియో 0.71. ఇది చూసుకోకుండా 0.85ది కొంటే బొమ్మ చిన్నదైపోతుంది, వెనక్కి జరపడానికి బీమ్ అడ్డం. గోడకి ఆనించే అల్ట్రా షార్ట్ త్రో రకం వద్దు. తెర కొంచెం అలలాడినా బొమ్మ వంకర్లు పోతుంది.

వెలుతురు 3,000 ల్యూమెన్లకి తగ్గకుండా. షట్టర్ సందులకి నల్ల గుడ్డ వేయండి. బంతి మీద పడే లైటు విడిగా, తెరకి తగలకుండా ఉండాలి.

మారతహళ్ళి
నేల గురించి ఎవరూ మాట్లాడలేదు. 20 అడుగులకి 3 అంగుళాల వాలంటే, 6 అడుగుల వేదికకి దాదాపు ఒక అంగుళం తేడా. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకుని, కింద చెక్క ముక్కలు పెట్టి రసమట్టంతో రెండు దిశల్లోనూ చదును చేయండి. మామూలు ప్లై అయితే గ్యారేజీ తేమకి ఉబ్బుతుంది. కెమెరా కూడా బంతి ఉన్న ఎత్తులోనే కూర్చోవాలి. బంతి 2 అంగుళాలు పైనుండి యంత్రం నేల మీద ఉంటే, లేదా ఒక పక్కకి ఒరిగి ఉంటే, లాంచ్ యాంగిల్ (బంతి పైకి లేచే కోణం) తప్పు చూపిస్తుంది. అది తెలీక స్వింగ్ మార్చుకునేవాళ్ళున్నారు. ఎడమ కుడి రెండు చోట్లా యంత్రం అడుగు చుట్టూ చిన్న చెక్క పట్టీలు కొట్టేస్తే మార్చిన ప్రతిసారీ కొలవక్కర్లేదు.

పలచటి మ్యాట్‌ని కాంక్రీటు మీద పరిచి ఐరన్ క్లబ్బులతో కొడితే మోచేయి పోతుంది. కొట్టే పట్టీ విడిగా, కింద మెత్తటి జెల్ లేదా నురుగుతో ఉండేది కొనండి. నిలబడే చోటు, బంతి చోటు ఒకే మట్టంలో ఉండాలి. వేదిక, మ్యాట్ కలిపి 2 అంగుళాల పైమాటే, కాబట్టి మీ 9 అడుగుల 9 అంగుళాలు నిజానికి 9 అడుగుల 7 కూడా కాదు. సుద్ద పరీక్ష ఆ ఎత్తు మీద నిలబడే చేయండి.

వేళచ్చేరి, చెన్నై
కరెంటు విషయం కలుపుతున్నా. ఇంటి ఇన్వర్టర్‌ మీద కంప్యూటర్ నడపాలంటే దాని వెనక ఉన్న మీటని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన క్షణంలో రీస్టార్ట్ అవుతుంది. లాంప్ ప్రొజెక్టర్ అయితే లోపలి ఫ్యాన్ చల్లార్చకముందే ఆగిపోతే లాంప్ ఆయుష్షు తగ్గుతుంది. లేజర్, ఎల్‌ఈడీ రకాలకి ఈ బెంగ తక్కువ. బయట నుంచి తెప్పించిన ప్రతి అడాప్టర్ మీదా 100-240 వోల్టులని రాసి ఉందో లేదో చూసి గుచ్చండి. మా చెన్నైలో అయితే ప్లగ్ బోర్డులు నేలకి 4 అడుగుల పైన పెట్టిస్తాం, వాన సంగతి తెలిసిందే. ఉప్పుగాలికి కోసిన పైపు అంచులు తుప్పు పడతాయి, మీకు ఆ బాధ లేదు కానీ కోసిన చోట జింక్ రంగు పూయండి.

కె.ఆర్. పురం
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది అపార్ట్‌మెంట్, స్టిల్ట్‌లో కారు చోటు ఉంది. మూడు పక్కలా తెరలు కట్టి ఇలాంటిదే పెట్టుకోవచ్చా?

జె.పి. నగర్
వద్దండి. 2016 రెరా చట్టం నిర్వచనంలో గ్యారేజీ అంటే పైకప్పు, మూడు వైపులా గోడలు ఉన్నది. స్తంభాల మధ్య గీత గీసిన చోటు అది కాదు, మూసేస్తే అసోసియేషన్‌తో గొడవే. ఎత్తు కూడా చాలదు, పైన మురుగు పైపులు వేలాడుతుంటాయి. బంతిని నేల మీద దొర్లించే పటింగ్ మ్యాట్‌తో సరిపెట్టుకోండి, లేదా టెర్రస్ మీద అనుమతి అడగండి.

రామ్మూర్తినగర్
చివరి ప్రశ్న. అన్నీ సరిగ్గా బిగించాక కూడా యంత్రం చూపే దూరం, ఇక్కడి మైదానంలో పడే దూరం వేరుగా ఉంటాయని విన్నాను. నిజమేనా?

వైట్‌ఫీల్డ్
నిజం, చాలాసార్లు యంత్రం తప్పు కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. గాలి పలచన కాబట్టి బంతి దాదాపు మూడున్నర శాతం ఎక్కువ పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎత్తు సున్నా అని ఉంటే 200 గజాలు చూపిన దెబ్బ ఇక్కడ మైదానంలో 207 దగ్గర పడుతుంది. సెట్టింగుల్లో ఎత్తు 3,000 అడుగులు పెట్టుకోండి. చెన్నైలో ఆడేవాళ్ళు సున్నాలోనే ఉంచొచ్చు. అయినా తేడా వస్తే 7 ఐరన్‌తో పది బంతులు కొట్టి, ఎక్కువ తక్కువలు రెండేసి తీసేసి, మిగిలిన ఆరింటి సగటుని మైదానం సగటుతో పోల్చండి. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ రసమట్టం తీయండి, వేదిక ఎక్కడో కుంగి ఉంటుంది.