గట్టి గోడల తక్షణ షెల్టర్లు: తెరుచుకునే కంటైనరా, విడి ప్యానెళ్లా?

చర్లపల్లి వర్క్‌షాప్:
అందరికీ నమస్కారం. చర్లపల్లిలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. బిల్డర్లకు పఫ్ ప్యానెళ్లతో (రెండు రేకుల మధ్య వేడిని ఆపే పాలీయురెథేన్ నురుగు నింపిన పలకలు) సైటు ఆఫీసులు, సెక్యూరిటీ క్యాబిన్లు చేసి ఇస్తుంటాం. విపత్తుల వేళ సహాయానికీ, సైన్యానికీ పనికివచ్చేలా, లారీ మీద తీసుకువెళ్లి కొద్ది గంటల్లో నిలబెట్టగల షెల్టర్ ఒకటి నమూనాగా తయారు చేయాలని ఉంది. 20 అడుగుల కంటైనర్ కొలతల్లో ఉండి రెండు పక్కలా తెరుచుకునే రకం మంచిదా, ప్యానెళ్లు పేర్చి తీసుకువెళ్లి అక్కడ బిగించే రకం మంచిదా అన్నది తేలడం లేదు. 50 ఎంఎం ప్యానెల్ మన ఎండలకు ఆగుతుందా? వరద బాధితుల నివాసానికి కూడా ఇదే నమూనాను చూపించవచ్చా?

మాజీ ఈఎంఈ, తిరుమలగిరి:
సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నా. రకం సంగతి తరువాత చూడవచ్చు, లోపల ఏ పని జరుగుతుందో ముందు తేల్చుకోండి. జవాన్లు పడుకోవడానికైతే విడి ప్యానెళ్లు చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో వచ్చిన నిస్సెన్ హట్ అటువంటిదే: వంచిన ముడతల రేకులను బండి మీద తెచ్చి, ఆరుగురు నాలుగు గంటల్లో నిలబెట్టేవారు. ఆపరేషన్ థియేటర్, సిగ్నల్స్ గది, ప్రయోగశాల వంటివాటికి మాత్రం వైరింగు, పరికరాలు, గాలి వడపోత అన్నీ ఫ్యాక్టరీలోనే బిగించి ఉండాలి కనుక కంటైనర్ రకమే సరైనది. 2020 ఏప్రిల్‌లో మన డీఆర్‌డీఓ వారి పరిశోధన సంస్థ ఆర్‌సీఐ, ఈఎస్ఐ వైద్య కళాశాలతో కలిసి కోవిడ్ పరీక్షల సంచార ప్రయోగశాలను 15 రోజుల్లో సిద్ధం చేసింది గుర్తుందా? వైరస్ బయటికి పొక్కకుండా లోపలి గాలి పీడనాన్ని తగ్గించి ఉంచవలసిన అటువంటి గదిని గుడారంలో నడపడం కష్టం.

ఇక అసలు చిక్కు నేలతో వస్తుంది. పక్కలు తెరిచినప్పుడు నాలుగు మూలలూ ఒకే మట్టంలో లేకపోతే ఫ్రేము మెలి తిరుగుతుంది. తలుపు పట్టేస్తుంది, రబ్బరు బీడింగు దగ్గర సందు పడుతుంది, ఆ సందులోంచే మొదటి వానకు నీళ్లు దిగుతాయి. చేవెళ్ల వైపు నల్లరేగడిలో జాకీ కింద వెడల్పాటి ఉక్కు పలక వేయకపోతే రాత్రికి రాత్రే ఒక మూల దిగబడుతుంది. మీ వర్క్‌షాపు సిమెంటు గచ్చు మీద అరగంటలో తెరుచుకున్నంత మాత్రాన సంబరపడకండి, బురదలో తెరిచి చూడండి. విపత్తు జరిగిన చోటికి హైడ్రా క్రేన్ వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి, కాళ్లు దించితే లారీ కింద నుంచి వెళ్లిపోయేలా సొంత జాకీలు ఉండాలి. బరువు కూడా చూసుకోండి. ఖాళీ 20 అడుగుల ఉక్కు కంటైనరే 2 టన్నులు దాటుతుంది; ఎంఐ-17 హెలికాప్టర్ మోయగలిగేది సుమారు 4 టన్నులు.

ఏసీ డిజైన్, కూకట్‌పల్లి:
50 ఎంఎం గురించి మీ భయం అనవసరం. బయట 42 డిగ్రీలు, లోపల 27 ఉన్నా, మూసి ఉన్న 20 అడుగుల డబ్బాలోకి గోడల నుంచి, ఎండకు కాగిన పైకప్పు నుంచి వచ్చే వేడి అర కిలోవాటుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. ఒకటిన్నర టన్నుల ఏసీ శక్తి 5 కిలోవాట్లకు పైమాటే. ఆ ఏసీ మీద భారమంతా మనుషులది, యంత్రాలది, మాటిమాటికీ తెరిచే తలుపుది. అందుకని మందం పెంచే ఖర్చుతో తెల్ల రంగు, పైన గాలి ఆడే రెండో రేకు వేయండి. ప్యానెల్‌ను చీల్చుకుని లోపలి నుంచి బయటికి పోయే ఉక్కు ఛానెల్ ఒక్కటి కూడా ఉండకూడదు. వేడంతా దాని వెంబడే వస్తుంది. పఫ్ మండితే వచ్చే పొగ విషం. వంటగది, జనరేటర్ వైపు గోడకు రాక్‌వూల్ (మంటకు అంటుకోని రాతి నార) ప్యానెల్ వాడండి.

సహాయక శిబిరాల వాలంటీర్, చాంద్రాయణగుట్ట:
నివాసం సంగతి నేను చెబుతాను. మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని, సహాయక సంస్థలు పాటించే స్పియర్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్కన మీ డబ్బా తెరవకుండా ఉంటే నలుగురికి కూడా ఇరుకే. 2020 అక్టోబరు వరదల వంటి వేళ మన నగరంలో బడులు, ఫంక్షన్ హాళ్లు దగ్గర్లోనే ఉంటాయి. కప్పుకు కొరత లేదు. అక్కడ దొరకనిది గాయాలకు కట్టు కట్టే శుభ్రమైన గది, మందులు చల్లగా ఉంచే చోటు, ఆడవాళ్లకు గడియ పడే మరుగుదొడ్డి. మీ షెల్టర్ వాటికి చూపించండి, అధికారులు వింటారు. ఇల్లే చేయాలంటే ఐకియా ఫౌండేషన్ తోడ్పాటుతో శరణార్థుల కోసం వచ్చిన ‘బెటర్ షెల్టర్’ అనే ఇంటిని చూడండి: 17.5 చదరపు మీటర్లు, విడి ప్యానెళ్లు. దానినే 2015 చివర్లో జ్యూరిక్ నగరం అగ్ని పరీక్షల తరువాత వద్దనుకుంది. పైన ఏసీ ఆయన పొగ గురించి చెప్పినది తేలికగా తీసుకోకండి.

చర్లపల్లి వర్క్‌షాప్:
అందరికీ కృతజ్ఞతలు. అయితే మొదటి నమూనా వైద్య గదిగానే, ఒక పక్క మాత్రమే తెరుచుకునేలా చేస్తాం. నీటి పరీక్ష ఎలా చేయమంటారు?

మాజీ ఈఎంఈ, తిరుమలగిరి:
కావాలనే ఒక మూల కొద్దిగా కిందికి దించి, కప్పు కీలు వెంబడి ట్యాంకర్ పైపుతో గంటసేపు నీళ్లు కొట్టించండి. లోపల కీలు కింద పొడవునా పాత న్యూస్‌పేపరు అంటించి ఉంచితే, చుక్క ఎక్కడ పడినా మరక చూపిస్తుంది. ఆ తరువాత మూసి, లారీ మీద గతుకుల దారిలో తిప్పి తెచ్చి, మళ్లీ అదే పరీక్ష చేయండి.