బిల్లు సభకు రాకముందే అడిగితే మంత్రి ఎంతవరకు చెప్పాలి?

జాలరిపేట కుర్రాడు:
మాది విశాఖలో మరబోటు మీద బతికే ఇల్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉంటాయి. నాన్న జెట్టీ మీద కూర్చుని వల బాగుచేసుకుంటాడు.

2021 వానాకాల సమావేశాల్లో పెట్టబోయే బిల్లుల జాబితాలో సముద్ర మత్స్య బిల్లు పేరు వచ్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వేట మీద అధికారం రాష్ట్రానిది, అది దాటితే కేంద్రానిది. ఇక దాటి వెళ్లే ప్రతి బోటుకీ ఢిల్లీ లైసెన్సు కావాలట, లేకపోతే జరిమానా అట అని ఇక్కడ గోల. ఎవరి నోట విన్నా "అట" తప్ప ఇంకో మాట లేదు. పాత ఇంజను పొగ కక్కుతోందని కొత్తది కొందామని దాచిన డబ్బు నాన్న బయటికి తియ్యలేదు. ఏ చట్టం వస్తుందో తెలీకుండా ఇంజనెలా వేస్తామురా అని ఏడాది ఆగాడు. తీరా చూస్తే ఆ సమావేశాల్లో బిల్లు సభ ముందుకే రాలేదు.

ఇలాంటప్పుడు ఎంపీ ఎవరైనా అడిగితే "విషయం పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కతో మంత్రి సరిపెట్టడం తప్పని నేనంటాను. మీరేమంటారు?

కంచరపాలెం రిటైర్డు:
బాబూ, మీ నాన్నగారి బాధ అర్థమైంది. కానీ నేను ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి. బిల్లు ఒక శాఖలో పుట్టి నాలుగు శాఖలు తిరుగుతుంది, న్యాయశాఖ చూస్తుంది, మంత్రివర్గం ఒప్పుకోవాలి. అది జరగకముందు మంత్రి లేచి ఇదిగో ఇలా ఉంటుంది అని చెప్తే, రేపు మంత్రివర్గం మార్చిన రోజున సభకు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఇంకోటి. రోడ్డు పడుతుందన్న మాట చెవిన పడితే చాలు, ఊళ్లో బ్రోకర్లు ఎలా వాలిపోతారో మీకు తెలియదా? కొన్ని విషయాలు ముందు బయటపడితే లాభపడేది మీ నాన్న కాదు.

పోర్టు పాతకాపు:
రిటైర్డు గారూ, తర్వాత చెప్తాం అన్న మాట ఎంత దూరం వెళ్తుందో మన విశాఖ రైల్వే జోన్‌ను చూడండి. ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. ప్రకటన 2019 ఫిబ్రవరి 27న, శంకుస్థాపన 2025 జనవరి 8న. చట్టంలో గడువు రాసిన పనికే ఈ గతి.

నా అనుభవం ఇంకోటి. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం తీసేశారు. రాతపూర్వక జవాబులు మాత్రమే మిగిలాయి. మా పోర్టు ట్రస్టును అథారిటీ చేసే బిల్లుకు లోక్‌సభ ఆమోదం ఆ సెప్టెంబరు 23నే. ఆ 20 నుంచి 23 దాకా నాలుగు రోజుల్లోనే సాగు బిల్లులూ, మూడు కార్మిక కోడ్‌లూ పార్లమెంటు దాటిపోయాయి. కాగితం మీది జవాబుకి ఎదురు ప్రశ్న వెయ్యలేం. నక్షత్రం గుర్తున్న ప్రశ్నయితే మంత్రి నిలబడి చెప్పాలి, వెంటనే అనుబంధ ప్రశ్న పడుతుంది, అక్కడ తడబడితే దేశమంతా చూస్తుంది. లోక్‌సభలో అవి రోజుకి 20, అందులోనూ నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే. ఆ కొన్నీ లేని సమావేశాల్లో మా బతుకుల చట్టాలు వచ్చాయి. సాగు చట్టాల మీద ఏడాది పాటు రైతులు రోడ్డు మీద కూర్చుంటే వెనక్కి తీసుకున్నారు. ముందే అడగనిచ్చి ఉంటే ఇంత జరిగేదా?

కంచరపాలెం రిటైర్డు:
పోర్టు బిల్లు అప్పటికే సభలో ఉన్నది కదండీ. కుర్రాడు అడుగుతున్నది ఇంకా రాని బిల్లు సంగతి. రెండూ కలపకండి.

ఏయూ లా విద్యార్థిని:
రిటైర్డు గారు చెప్పిన తేడా సరైనదే. కానీ "పరిశీలనలో ఉంది" అనేది ఖాళీ మాట కాదు. సభలో ఆ మాట అంటే దాన్ని హామీగా లెక్కిస్తారు. ప్రభుత్వ హామీల కమిటీ అని ఉంది, లోక్‌సభలో 1953 నుంచీ. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. అంటే ఆ ఒక్క ముక్కనూ వదలకుండా పట్టుకుని వెంటపడవచ్చు. వెంటపడేవాళ్లు లేక అలా ఉండిపోతున్నాయి.

రెండోది, 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది: ముసాయిదా కనీసం 30 రోజులు జనం ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలని. అది చట్టం కాదు, అందుకే చాలాసార్లు పక్కన పెట్టేస్తున్నారు. కాబట్టి బిల్లులో ఏముందని అడగకండి, మంత్రివర్గ రహస్యం అడ్డమొస్తుంది. ముసాయిదా సిద్ధమైందా, జనం ముందు ఎప్పుడు పెడతారు, తెలుగులో పెడతారా అని అడగండి. ఈ మూడింటికి రహస్యం ఏ కోశానా అడ్డు రాదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది కూడా.

కంచరపాలెం రిటైర్డు:
అమ్మా, మొదటిదీ మూడోదీ ఒప్పుకుంటాను. తేదీ మాత్రం ఏ మంత్రీ చెప్పలేడు, చెప్పకూడదు కూడా. ఆ తేదీ నమ్ముకుని జనం అప్పులు చేస్తారు.

జాలరిపేట కుర్రాడు:
తేదీ తెలియకే మా నాన్న ఏడాది ఆగాడు సార్. సరిగ్గా ఏ రోజో అక్కర్లేదు. ఈ సమావేశాల్లో పెడుతున్నారా లేదా, అంత చెప్తే చాలు. అవునంటే ఇంజను కొనడు, లేదంటే కొంటాడు. మాకు ఐసు, డీజిలు, కలాసీల బత్తెం లెక్క ఉంటుంది, బోటు జెట్టీకి కట్టిన ప్రతి రోజూ నష్టమే.

లా చదివే అక్కా, మీరు చెప్పిన ప్రకారం రాశాను, చూసి దిద్దండి: "సముద్ర వేటపై తేదలచిన చట్టం ముసాయిదా సిద్ధమైనదా? రానున్న సమావేశాల్లో ప్రవేశపెట్టే ఉద్దేశం ఉన్నదా? ముసాయిదాను తెలుగు సహా తీరప్రాంత భాషల్లో మత్స్యకారుల అభిప్రాయానికి ఉంచుతారా?"

ఏయూ లా విద్యార్థిని:
బాగుంది తమ్ముడూ. "ఉంచనిచో, కారణమేమి?" అని చివర ఒకటి కలుపు. అది లేకపోతే మూడో దానికి "లేదు" అనేసి కూర్చుంటారు. ఎంపీగారికి తొందరగా ఇచ్చెయ్, ప్రశ్న ఇవ్వాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలి. నక్షత్రం గుర్తుతో పెట్టమని నోటితో కూడా చెప్పు.

జాలరిపేట కుర్రాడు:
కలిపాను. సోమవారం నాన్ననీ, ఇంకో ఇద్దరు సరంగుల్నీ తీసుకుని వెళ్తున్నాను.