క్వార్టర్‌బ్యాక్‌ల మీద కామెంటరీలో జాతి పక్షపాతాన్ని ఎలా కొలవాలి?

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) కామెంటరీలో నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లకు (జట్టు దాడిని నడిపిస్తూ పాస్‌లు వేసే ఆటగాళ్లకు) 'పుట్టుకతో వచ్చిన వేగం', తెల్లవాళ్లకు 'బుర్ర, నాయకత్వం' అంటగట్టే ధోరణిని లెక్కగట్టాలి. నేననుకున్న పద్ధతి: కామెంటరీ పాఠంలో పేర్లు, జట్లు చెరిపేశాక ఇద్దరు విడివిడిగా ఒక్కో పొగడ్తను శరీరం, బుద్ధి, స్వభావం అని గుర్తిస్తారు. చిక్కెక్కడంటే, బంతితో ఎక్కువ పరుగెత్తేవాణ్ని వేగం చూసి మెచ్చుకోవడం సబబే. కానీ నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ సంగతి చూడండి: 2016లో హైస్‌మన్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచినవాణ్ని రిసీవర్‌గా (పాస్ అందుకునేవాడిగా) మారమన్నారు, 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట) 32వ స్థానం దాకా ఎవరూ తీసుకోలేదు. 2019 సీజన్‌కి ఏకగ్రీవంగా ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు! ఆ అన్యాయాన్ని ఆటశైలితో సమర్థించలేం.

బంతితో పరుగెత్తిన సార్లు దగ్గరగా ఉన్నవాళ్లను జతకట్టి పోలిస్తే చాలా, లేక పాస్ వేసిన సందర్భాలే తీసుకోవాలా? నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ గెలిచిన 1988 సూపర్‌బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) కామెంటరీ పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.