అప్‌డేట్: ఉబుంటులో నోడ్ పాత వెర్షన్ గొడవ తీరింది

ఉబుంటు 22.04లో దాని సొంత ఇన్‌స్టాల్ టూల్ ఆప్ట్‌తో నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపేది) వేస్తే పాత 12వ వెర్షనే వస్తోందని, నోడ్ ప్యాకేజీలు వేసే ఎన్‌పీఎంతో గ్లోబల్‌గా ఏది వేయబోయినా పర్మిషన్ ఎర్రర్ కొడుతోందని అడిగాను కదా. రెండూ సెట్ అయ్యాయి.

చాలామంది చెప్పినట్టే ఆప్ట్ ప్యాకేజీలు తీసేసి, నోడ్ వెర్షన్లు వేసి మార్చుకునే ఎన్‌వీఎం అనే టూల్ పెట్టుకుని దాంతో నోడ్ 20 వేశాను. ఎన్‌పీఎం కూడా దాంతోపాటే వచ్చేసింది. ఆప్ట్‌లో అయితే అది వేరే ప్యాకేజీ, పైగా వెంట పెద్ద బంధుబలగాన్నే వేసుకొస్తుంది. ఇప్పుడు అంతా హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో కమాండ్ నడపడంతో, పనే లేదు. "సుడో పెట్టి కానిచ్చెయ్" అన్న సలహా మాత్రం పాటించలేదు, ఏమనుకోకండి.

ఒకచోట కాస్త టెన్షన్ పెట్టింది. ఇన్‌స్టాల్ అవగానే ఎన్‌వీఎం అని కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంది. దాని లైన్లు టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో చేరతాయి, పాత టెర్మినల్‌కి ఆ సంగతి తెలీదు. కొత్తది తెరిస్తే సరిపోయింది.

తర్వాత క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు వాటంతటవే నడిపేది) నడిచే స్క్రిప్ట్‌కి నోడ్ దొరకలేదు. క్రాన్ ఆ బాష్‌ఆర్‌సీ ఫైల్ చదవదు మరి. 'విచ్ నోడ్' కమాండ్ చూపించిన నోడ్ పూర్తి పాత్‌ని క్రాన్ పనుల జాబితా క్రాన్‌ట్యాబ్‌లో రాస్తే నడిచింది. వెర్షన్ మార్చినప్పుడల్లా ఆ పాత్ కూడా మార్చుకోవాలి, అదొక్కటే చిరాకు.