కొత్త డిస్క్ పెట్టగానే 2010 ఎర్రర్: ఫర్మ్‌వేర్ మార్చాలా, వదిలేయాలా?

తెనాలి_డీటీపీ:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి డీటీపీ షాపులో 2005 నాటి లాప్‌టాప్ ఉంది. ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇన్నేళ్ల శుభలేఖల ఫైళ్లు అన్నీ అందులోనే. డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే మొత్తం కాపీ తీసి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీ అంతా తిరిగి 80 జీబీ ఐడీఈ (పాత రకం కనెక్షన్) డిస్క్ తెచ్చి పెట్టాను. ఆన్ చేయగానే బీప్‌మని 2010 అనే నంబరుతో ‘ఈ డిస్క్ ఇందులో సరిగా పనిచేయకపోవచ్చు, ఫర్మ్‌వేర్ (డిస్క్‌లోనే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్) తాజాదో కాదో చూసుకోండి’ అని ఇంగ్లిషులో వస్తోంది. ఎస్కేప్ నొక్కితే ఎక్స్‌పీ మామూలుగానే వచ్చేస్తోంది. మూఢం పోతే కార్డుల పని మీద పడుతుంది. నెట్‌లో దొరికిన ఫర్మ్‌వేర్ ఎక్కించెయ్యమని తెలిసినాయన చెప్పారు. ఎక్కించనా?

బెజవాడ_సర్వీస్:
వద్దు తమ్ముడూ, ముందు ఆగు. ఈ గోల డిస్క్‌ది కాదు, బయాస్‌ది, అంటే ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్‌ది. ఆ ఏడాది లాప్‌టాప్‌లు కొన్నిటిలో చిప్‌సెట్ సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన కొత్త రకం కనెక్షన్), డిస్క్ మాత్రం ఐడీఈ. రెంటికీ పొసగడానికి మధ్యలో చిన్న బ్రిడ్జి చిప్ పెట్టారు. కొన్ని డిస్క్‌లకు దానితో పడదు. అందుకే కంపెనీ తాను పరీక్షించిన డిస్క్‌లనే బయాస్ గుర్తుపట్టేలా చేసింది. బయట కొన్నది ఆ లెక్కలో లేకపోతే హెచ్చరిస్తుంది. వేరే మోడల్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే ఉన్న డిస్క్ కూడా పోతుంది. నాలుగైదు జీబీల ఫైళ్లు అందులోకి కాపీ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌సీ స్లాష్ బీ ఇచ్చి అసలుతో పోల్చు. ఒక్క బైటు కూడా తేడా రాకపోతే ఎస్కేప్ నొక్కుతూ వాడుకో.

ఫ్రిస్కో_నుంచి:
బెజవాడ గారి మాటే నాదీ. 2009 జనవరిలో సీగేట్ బారకూడా 7200.11 సంగతి గుర్తుందా? డిస్క్‌లు ఉన్నట్టుండి బయాస్‌లో కనపడకుండా పోయేవి. కంపెనీయే ఫర్మ్‌వేర్ ఇచ్చింది, కానీ మొదట ఇచ్చిన దానితో బాగున్న 500 జీబీ డిస్క్‌లు కొన్ని మూగబోయాయి. తర్వాత సరిచేసి మళ్లీ ఇచ్చారు. తయారీదారు ఇచ్చినదే అలా అయితే ఊరూపేరూ లేని ఫైలు సంగతేంటి?

ఓరుగల్లు_పీసీ:
నాకు ఇంకో రకం వచ్చింది. డెస్క్‌టాప్‌లో ‘కొత్త’ డిస్క్ పెడితే మొదటి రోజే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే లెక్కగట్టే ఏర్పాటు) స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ తీసి మార్చమని బయాస్ చెప్పింది. ఆ లెక్కలు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే అప్పటికే 21 వేల గంటలు తిరిగిన డిస్క్! రెండేళ్లకు పైనే. కవర్ కొత్తది, లోపల సరుకు పాతది. స్క్రీన్ ఫొటో చూపిస్తే షాపాయన మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. ఇలాంటి హెచ్చరికను మాత్రం ఎస్కేప్ నొక్కి దాటెయ్యొద్దు అన్నా. స్మార్ట్ లెక్కల్లో డిస్క్ మీద చెడిన, చదవలేని చోట్లను చెప్పే 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా ఉందా లేదా చూడు. ఆ సాఫ్ట్‌వేర్‌లో 197ను సీ5 అని, 198ని సీ6 అని చూపిస్తుంది, కంగారుపడకు.

బెజవాడ_సర్వీస్:
మంచి మాట చెప్పావు. 199 కూడా చూడండి, అక్కడ సీ7 అని ఉంటుంది, డేటా అటూ ఇటూ వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క అది. అది పెరుగుతుంటే ముందు కేబుల్నో కనెక్టర్నో అనుమానించాలి. కేబుల్ మార్చినా పాత అంకె సున్నా కాదు, పెరగడం ఆగితే చాలు. దీన్ని చూసి డిస్క్ పోయిందనుకుని పారేసినవాళ్లు మా షాపుకే ఎంతమందో వచ్చారు.

తెనాలి_డీటీపీ:
ఎక్స్‌పీలో నడిచే పాత వెర్షన్ వేసి చూశాను. తిరిగింది 11 గంటలే. 5, 197, 198, 199 నాలుగూ సున్నాలే. 2012 నుంచి ఉన్న శుభలేఖల ఫోల్డర్ కాపీ చేసి ఎఫ్‌సీతో పోల్చాను, తేడా లేదు. ఫర్మ్‌వేర్ జోలికి పోలేదు. ఎస్కేప్ బటన్ మీద పసుపు స్టిక్కర్ అంటించి నాన్నగారికి చూపించాను. ఇవాళ పొద్దున ఆయనే ఆన్ చేసి, మొదటి కార్డు ప్రూఫ్ తీశారు. పాత డిస్క్ మాత్రం బీరువాలో పెట్టాను, పారెయ్యడానికి మనసొప్పలేదు.