పాత నాణేలను సేకర్తలు శుభ్రం చేయవచ్చునా?

మానేరుతీరం:
నాణేల ప్రదర్శనలలో శాతవాహనుల సీసపు నాణేలను చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమి, తళతళలాడేటట్లు చేసి అమ్మకానికి పెట్టడం తరచుగా కనిపిస్తున్నది. కొనేవారు మెరుపునే అడుగుతున్నందువల్ల తాము అలా చేయవలసి వస్తున్నదని అమ్మేవారు అంటున్నారు. సేకర్త తన చేతికి వచ్చిన పాత నాణేన్ని శుభ్రం చేయకూడదన్నది నా వాదన, సీసం విషయంలో అయితే ఇందులో ఏ మినహాయింపూ లేదు.

సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తని లోహం. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న సీసపు నాణెం మీద ఏర్పడిన బూడిదరంగు పొరను మనం మురికి అనుకుంటాం కానీ, చాలా సందర్భాలలో ఏనుగు బొమ్మగానీ, ఉజ్జయినీ చిహ్నం (నాలుగు కొసలా వృత్తాలున్న శిలువ వంటి గుర్తు) గానీ, అంచున ఉన్న బ్రాహ్మీ అక్షరాలుగానీ నిలిచి ఉండేది ఆ పొరలోనే. కింద మిగిలిన లోహం అప్పటికే క్షయించి, గుంటలు పడి ఉంటుంది. పొరను ఒలిచివేస్తే మెరిసే సీసపు బిళ్ల మిగులుతుంది, దాని మీద చదవడానికి ఏమీ ఉండదు. పులుపు సంగతి చెప్పనక్కరలేదు. పూర్వం తెల్లరంగు తయారుచేయడానికి సీసపు రేకులను వెనిగర్ ఆవిరి తగిలేటట్లు ఉంచేవారు, కొన్ని వారాలలో రేకు తెల్లని పొడిగా మారేది. ఆవిరికే అంత జరిగితే నేరుగా రసంలో నానబెట్టిన నాణేనికి ఏమవుతుందో ఊహించవచ్చును. నిరపాయమనిపించే స్వేదన జలం కూడా సీసాన్ని తినివేస్తుంది.

శాసనపాఠి:
మానేరుతీరం గారూ, చింతపండు విషయంలో మీతో నాకు పేచీ లేదు. అయితే అక్కడి నుంచి మీరు ఒకేసారి "శుభ్రం చేయకూడదు" అనే నియమానికి దూకారు, దానిని నేను ఒప్పుకోలేను. తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు చదవగలిగినందువల్లనే శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని పాలించినవారు ఉన్నారని మనకు తెలిసింది. పురాణాలలో ఈ పేర్లు లేవు. శాతవాహన వంశానికి మొదటివాడని పురాణాలు చెప్పే రాజు పేరు కూడా ఆ నాణేల మీదనే చిముక అని కనిపించింది. మట్టి పట్టిన ముద్దలుగానే వాటిని భద్రపరచి ఉంటే ఈ చర్చలో మీరూ నేనూ ఆ పేర్లు చెప్పుకునేవాళ్లం కాదు. చదవని నాణెం బరువూ లోహమూ తెలిసిన ఒక బిళ్ల మాత్రమే, దానిని చరిత్రకు సాక్ష్యం అనలేము.

ప్రయోగశాలలలో కూడా నాణేలను శుభ్రం చేస్తారు. సూక్ష్మదర్శిని కింద సన్నని పనిముట్టుతో పైమట్టిని రేణువు రేణువుగా తీసి, అక్షరం ఉన్న పొర కనిపించగానే ఆపుతారు. ఈ ఓపిక, ఈ పనిముట్టు ఉన్న సేకర్తను ఏ కారణంతో నిషేధిస్తారు?

హాలీసిక్కా:
మీ ఇద్దరూ మట్టిలోంచి వచ్చిన నాణేల గురించే మాట్లాడుతున్నారు. హైదరాబాదులో ఎక్కువమంది సేకర్తల దగ్గర ఉండేవి ఇనప్పెట్టెలలోంచి, మూటలలోంచి వచ్చిన వెండి రూపాయలు. నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాటి చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి మీద కమాను మధ్యలో ఆయన పేరులోని మొదటి అక్షరం మీమ్, తరువాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ రూపాయి మీద అలాగే ఐన్ అక్షరం ఉంటాయి. ఐన్ చిన్నదా, పూర్తిదా అన్నదానిని బట్టి రకాలు మారతాయి కనుక, కొత్తగా మొదలుపెట్టినవారు ఆ కమానులో దిగిన నలుపును చూసి వెంటనే విభూతి పట్టించి రుద్దుతారు. దీపపు కుందెకు విభూతి పనికివస్తుంది. నాణెం మీద మాత్రం అది సన్నని ఇసుక కాగితంలాగే గీతలు పెడుతుంది, ఆ గీతలు కంటికి కనిపించకపోయినా భూతద్దానికి దొరుకుతాయి.

వెండి నలుపెక్కడం గాలిలోని గంధకం వల్ల జరుగుతుంది. ఆ పొర చాలా పలుచనిది, కింది లోహానికి తెరగా కూడా పనిచేస్తుంది. దుకాణాలలో దొరికే డిప్ ద్రావణంలో ముంచితే నలుపు క్షణాలలో పోతుంది, దానితోపాటు ముద్ర వేసినప్పుడు లోహం పారిన సన్నని రేఖలు కూడా కొంత కరుగుతాయి. టంకశాల మెరుపు అని మనం అనేది ఆ రేఖల మీద పడి తిరిగివచ్చే వెలుగే. అందుకే ఒకటికి రెండుసార్లు ముంచిన రూపాయి తెల్లగా ఉంటుంది కానీ జీవం ఉండదు. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి నాణేల నాణ్యతను నిర్ణయించే సంస్థలు అటువంటి నాణేలను లోపం ఉన్నవాటికి కేటాయించిన ‘డిటెయిల్స్’ వర్గంలోకి నెట్టివేస్తాయి, దానితో ధర పడిపోతుంది.

అయినా నేను పూర్తి నిషేధం వైపు లేను. పీవీసీ ఆల్బమ్‌లలో ఏళ్ల తరబడి ఉంచిన నాణేల మీద పచ్చని జిగట పడుతుంది. అది నాణెం మీద ఏర్పడిన సహజమైన పొర కాదు, ప్లాస్టిక్‌లోంచి కారిన పదార్థం, లోహాన్ని తింటూ పోతుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే అది కరిగిపోతుంది, వెండికి ఏమీ కాదు. (గోళ్లరంగు తుడిచే ద్రవం అసిటోన్‌తో సమానం కాదు, అందులో నూనెలూ సువాసనలూ కలుపుతారు.)

మానేరుతీరం:
పీవీసీ జిగటను తీయడం సబబే. మనం పెట్టినదానిని మనమే తీస్తున్నాం. శాసనపాఠి గారి ప్రశ్న అంతకంటె కష్టమైనది. ప్రయోగశాలలో ఒక నాణేన్ని శుభ్రం చేసేనాటికి అది ఏ గుంటలో, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందో రాసి ఉంటుంది, ముందూ వెనుకా ఛాయాచిత్రాలు ఉంటాయి. సంతలో కొన్న నాణేనికి మిగిలిన ఒకే ఒక ఆనవాలు దానికి అంటుకున్న మట్టి. దానిని కడిగివేస్తే ఆ నాణెం తెలంగాణలోని పెద్దబంకూరుదో, ధూళికట్టదో, కృష్ణాతీరానిదో చెప్పడానికి ఉన్న చివరి ఆధారం కూడా పోతుంది.

ఇందులో చట్టం సంగతి కూడా ఉన్నది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి బయటపడిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువు గురించి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి. తోమిన నాణెం నిన్న దొరికిందో, తాతల నాటి నుంచి ఇంట్లో ఉన్నదో ఎవరూ చెప్పలేరు. కొందరు అమ్మకందార్లకు మెరుపు మీద ఉన్న మోజుకు ఇది కూడా ఒక కారణం కావచ్చునని నా అనుమానం.

శాసనపాఠి:
ఆ అనుమానం నాకూ ఉన్నది. కానీ రాగి నాణేల విషయంలో "ఏమీ చేయకండి" అన్న సలహా ఎంత ప్రమాదమో మీరు పట్టించుకోలేదు. గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్న ముదురు చిలుము నాణేన్ని కాపాడుతుంది, దానిని ముట్టుకోనక్కరలేదు. లేత ఆకుపచ్చ రంగులో, పొడిపొడిగా, వేలికి రాలివచ్చే చిలుము వేరు. లోపల క్లోరైడు ఉన్నదని దాని అర్థం. తేమ, గాలి తగిలితే క్లోరైడు ఆమ్లంగా మారి రాగిని తింటుంది, తిన్న రాగితో మళ్లీ క్లోరైడు తయారవుతుంది, నాణెం పొడి అయ్యేదాకా ఈ చక్రం ఆగదు. మచిలీపట్నంలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఇటువంటి నాణేన్ని గౌరవంగా అలాగే ఉంచడమంటే దానిని పోగొట్టుకోవడమే. సోడియం సెస్క్వికార్బొనేట్ అనే క్షార లవణపు ద్రావణంలో వారాల తరబడి నానబెట్టి, ద్రావణం మారుస్తూ క్లోరైడును లాగివేయాలి, తరువాత పూర్తిగా ఆరబెట్టి తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి. ఉప్పు కలిపిన చింతపండుతో తోమేవారు ఇందుకు సరిగ్గా విరుద్ధమైన పని చేస్తారు, క్లోరైడును తామే లోపలికి పంపుతారు.

కాసులపేరు:
బంగారం మాట ఎవరూ ఎత్తలేదు. విజయనగర వరహాలకు చిలుము పట్టదు, మట్టి ఉంటే నీటితో పోతుంది. అయితే చాలా వరహాలకు హారంలో గుచ్చడానికి అతికిన కొక్కెం తాలూకు టంకం మిగిలి ఉంటుంది. దానిని కంసాలి చేత తీయించి, "శుభ్రం చేశాను" అంటున్నవారు ఉన్నారు. వేడి తగిలిన చోట బాలకృష్ణుని బొమ్మ మెత్తబడి పోతుంది. ఆ టంకం ఒక ఇంటి ఆడవారు ఆ నాణేన్ని ధరించారనడానికి గుర్తు, దానిని మురికి కింద జమకట్టడం నాకు నచ్చదు.

మానేరుతీరం:
పొడిచిలుము విషయంలో శాసనపాఠి గారి మాట అంగీకరిస్తున్నాను, అది వైద్యం. మిగిలినవాటికి నా పట్టు నాదే. కనీసం ఒక నియమం పెట్టుకుందాం: శుభ్రం చేసిన నాణేన్ని అమ్మేవారు "శుభ్రం చేసినది" అని తప్పక ప్రకటించాలి.

శాసనపాఠి:
ఆ ఒక్క మాట చాలదు. మట్టిలోంచి వచ్చి చదవదగిన స్థితిలో ఉన్న శాతవాహన నాణేలలో చాలావాటిని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు శుభ్రం చేసే ఉంటారు కనుక, దాదాపు ప్రతి నాణెం పక్కనా అదే మాట కనిపించి కొనేవారికి ఏమీ తెలియకుండా పోతుంది. ఏ పద్ధతిలో చేశారో, ముందు ఎలా ఉండేదో ఛాయాచిత్రంతో సహా ఇవ్వాలంటే నేను సమ్మతిస్తాను.